బండ పేరు తెలిసిన మేస్త్రీ కావాలి

ఇల్లు కట్టుకునే కుటుంబం బండల ఎంపిక కోసం వారాల తరబడి తిరుగుతుంది. నాలుగు దుకాణాలు చూస్తారు, నమూనా ముక్కలు ఇంటికి తెచ్చుకుంటారు, తడిపి చూస్తారు, ఎండలో పెట్టి చూస్తారు, తెలిసినవాళ్లను అడుగుతారు. అవే బండలు కొన్నేళ్లకు మాసిపోయి, నడిచిన దారంతా మెరుపు పోయాక మాత్రం వ్యవహారం ఒక్క ఫోనుతో తేలిపోతుంది. అడిగే ప్రశ్న ఒకటే: చదరపు అడుగుకు ఎంత? ఎవరు తక్కువ చెబితే వాళ్ల మిషన్ ఇంట్లోకి వస్తుంది. దసరాకో సంక్రాంతికో ఇంట్లో పెళ్లికో రెండు రోజుల ముందు మొదలవుతుంది కాబట్టి, వచ్చినవాళ్లు ఏం చేస్తున్నారో నిలబడి చూసే తీరిక కూడా ఎవరికీ ఉండదు. ఈ పద్ధతి మారాలి. నేల శుభ్రం చేయించడంలోనూ పాలిష్ పెట్టించడంలోనూ మనం నిజంగా డబ్బు ఇవ్వాల్సింది ఒక తీర్పుకు. ఇది ఏ రాయి, దీనికి ఏ మందు పడదు, ఎంత తక్కువ అరగదీస్తే చాలు, అసలు అరగదీయాల్సిన అవసరం ఉందా లేదా అన్న తీర్పుకు. ఆ తీర్పు చెప్పగలిగిన మనిషి మన ఊళ్లోనే, పని తేడా వస్తే మళ్లీ గడప తొక్కి చూసేంత దగ్గరలో ఉండాలి. స్థానికంగా స్థిరపడిన, పని తెలిసిన మేస్త్రీలకే ఈ పని ఇవ్వాలనడానికి అసలు కారణం అదే. ఊరి మీద అభిమానం ఆ తర్వాతి సంగతి.

ముందు రాళ్ల సంగతి చూడాలి. తెలుగు ఇళ్లలో నేల ఒక్క రకంగా ఉండదు. వికారాబాద్ జిల్లా తాండూరు బండలు, సరిహద్దుకు అటువైపు కర్ణాటకలోని షాబాద్ బండలు, కడప నల్లబండ, నంద్యాల జిల్లా బేతంచెర్ల నాపరాళ్లు, ఇవన్నీ సున్నపురాయి జాతివి. రాజస్థాన్‌లోని మక్రానా మార్బుల్ కూడా ప్రధానంగా అదే పదార్థం, కాల్షియం కార్బొనేట్. కరీంనగర్, ఖమ్మం గ్రానైట్ పూర్తిగా వేరు. అందులో ఉండే క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్ చాలా గట్టి ఖనిజాలు. ప్రకాశం జిల్లా చీమకుర్తిలో దొరికే బ్లాక్ గెలాక్సీని వ్యాపారంలో గ్రానైట్ అనే పిలుస్తారు గానీ, భూగర్భశాస్త్రం ప్రకారం అది గాబ్రో జాతి రాయి. అందులో బంగారు రంగులో మెరిసే చుక్కలు బ్రాంజైట్ అనే ఖనిజానివి. ఆ ఖనిజంలో ఇనుము ఉంటుంది. పాత ఇళ్లలో సిమెంటులో మార్బుల్ చిప్స్ కలిపి పోసిన మొజాయిక్ కనిపిస్తుంది, ఐరన్ ఆక్సైడ్ కలిపి రుద్దిన ఎర్ర గచ్చు కనిపిస్తుంది. ఇటీవలి అపార్ట్‌మెంట్లలో ఎక్కువగా గుజరాత్‌లోని మోర్బి నుంచి వచ్చే విట్రిఫైడ్ టైల్స్ వేస్తున్నారు. ఒకే ఫ్లాటులో హాల్లో టైల్స్, దేవుడి గదిలో మార్బుల్, వంటింటి గట్టు మీద గ్రానైట్, బాల్కనీలో తాండూరు బండ ఉండటం మామూలే. ఈ నాలుగింటికీ ఒకే సీసా మందు, ఒకే మిషన్, ఒకే ధర అని చెప్పేవాడికి వీటిలో ఒక్కదాని గురించీ తెలియదని అర్థం చేసుకోవాలి.

తెలియకపోతే ఏమవుతుందో మార్బుల్ మీద స్పష్టంగా కనిపిస్తుంది. సున్నపురాయి జాతి రాళ్లకు ఆమ్లం పడదు. హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఒక్క చుక్క పడితే రాయి సుయ్‌మని పొంగుతుంది. ఆ నురగ మురికి వదులుతున్న గుర్తు అనుకుంటారు చాలామంది. అక్కడ వదులుతున్నది రాయే. కార్బొనేట్ కరిగి కార్బన్ డయాక్సైడ్ బుడగలుగా పోతోంది. అంత ఘాటైన ఆమ్లం కూడా అక్కర్లేదు. మన వంటింట్లో ఉండే చింతపండు పులుసు, నిమ్మరసం, పుల్లటి మజ్జిగ చాలు. దసరాకు గుమ్మం దగ్గర నిమ్మకాయ కోసి కుంకుమ అద్ది పెడతాం. మర్నాడు దాన్ని తీసి చూస్తే మార్బుల్ మీద రెండు మచ్చలు ఉంటాయి. ఒకటి కుంకుమది, ఎర్రగా ఉంటుంది. రెండోది నిమ్మరసం తిన్నచోటు, రంగూ ఉండదు, మెరుపూ ఉండదు, గుండ్రంగా మసకబారి ఉంటుంది. మొదటిది రాయిలోకి ఇంకిన రంగు కాబట్టి తగిన మందు పట్టు వేసి లాగవచ్చు. రెండోదాన్ని ఎంత తుడిచినా పోదు, ఎందుకంటే అక్కడ రాయి పైపొరే లేదు. దాన్ని మళ్లీ సానపట్టాలి. ఈ రెండు మచ్చలకూ తేడా ఒక్క చూపులో చెప్పగలిగినవాడే పని తెలిసినవాడు. తెలియనివాడు రెండింటి మీదా ఆసిడ్ పోస్తాడు, చేతి వెడల్పు మచ్చ గది వెడల్పు అవుతుంది.

కొత్త ఫ్లాటు తాళాలు ఇచ్చే ముందు చాలాచోట్ల జరిగే ‘ఆసిడ్ వాష్’ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. సిమెంటు చుక్కలు, పెయింటు మరకలు త్వరగా పోవాలని బకెట్లో ఆసిడ్ కలిపి గది గదికీ పోసి చీపురుతో రుద్దుతారు. టైల్ పైపొర దాన్ని తట్టుకుంటుంది. టైళ్ల సందుల్లో నింపిన సిమెంటు గ్రౌటింగ్ తట్టుకోదు. అది గుల్లబారి పొడిగా రాలుతుంది. ఆ సందుల్లోంచి నీళ్లు కిందికి దిగుతాయి, ఏడాది తిరిగేసరికి కింది ఫ్లాటువాళ్ల పైకప్పు మీద తేమ మరక కనిపిస్తుంది, రెండు కుటుంబాల మధ్య తగువు మొదలవుతుంది. ఇనుము ఉన్న రాళ్ల మీద ఆసిడ్ నిలిస్తే తుప్పు రంగు మరకలు తేలుతాయి. ఆసిడ్ ఆవిరి తగిలి స్టీల్ సింకు, కుళాయిలు, తలుపు బందులు నల్లబడతాయి. ఆసిడ్ పోసిన చోటే ఎవరైనా బ్లీచింగ్ పౌడరు చల్లితే క్లోరిన్ వాయువు పుడుతుంది, మూసి ఉన్న బాత్‌రూములో అది ప్రాణానికే ముప్పు. దుకాణాల్లో ఆసిడ్ విచ్చలవిడిగా అమ్మడాన్ని సుప్రీంకోర్టు 2013లో కట్టడి చేసింది. కొన్నవాళ్ల వివరాలు రిజిస్టరులో రాయాలని, గుర్తింపు కార్డు చూడాలని చెప్పింది. ఆ ఆదేశం ఆసిడ్ దాడుల్ని అరికట్టడానికి వచ్చింది. ఇళ్లు కడగడానికి మాత్రం ఆసిడ్ ఇప్పటికీ లేబులైనా లేని సీసాల్లో వీధుల్లో దొరుకుతూనే ఉంది. ఏ గాఢతో తెలియని ద్రవాన్ని, ఏ రాయో తెలియని నేల మీద, చేతికి తొడుగు కూడా లేని మనిషి చేత పోయించడాన్ని శుభ్రత అని ఎలా అంటాం?

ఇంతకంటే మెల్లగా, కానీ శాశ్వతంగా నష్టం చేసేది అనవసరపు పాలిష్. పాలిష్ అంటే పైన ఏదో పూసి మెరిపించడం అనే అభిప్రాయం బలంగా ఉంది. మైనం పూసే పద్ధతి ఉన్నా, మన దగ్గర మార్బుల్‌కూ మొజాయిక్‌కూ చేసేది ప్రధానంగా అరగదీత. ముందు గరుకు రాయితో మొదలుపెట్టి, నంబరు పెంచుకుంటూ సన్న రాళ్లకు వెళ్తారు. 60, 120, 220, 400, 600 ఇలా. డైమండ్ ప్యాడ్లతో చేస్తే 3000 దాకా పోతారు. ప్రతి నంబరూ దాని ముందు నంబరు పెట్టిన గీతల్ని చెరిపేయాలి. చివర్లో మార్బుల్ మీద ఆక్సాలిక్ ఆమ్లం పొడితో రుద్దుతారు. ఇదీ ఆమ్లమే అయినా, కాల్షియంతో కలిసి నీటిలో కరగని సన్నని పొరను ఇస్తుంది, మెరుపు అప్పుడు పైకి తేలుతుంది. తొందరలో ఉన్నవాళ్లు మధ్యలో రెండు నంబర్లు ఎగరగొట్టి నేరుగా చివరి మెట్టుకు వెళ్లిపోతారు. ట్యూబులైటు వెలుగులో ఆ లోపం తెలియదు. సాయంత్రం ఎండ తలుపులోంచి ఏటవాలుగా పడ్డప్పుడు నేలంతా సుడులు సుడులుగా గీతలు బయటపడతాయి. గోడ అంచుల్లోకి పెద్ద మిషన్ వెళ్లదు. అక్కడ చేతి మిషన్‌తో ఓపిగ్గా చేయాలి. చేయకపోతే గది చుట్టూ జానెడు వెడల్పున మసక పట్టీ మిగిలిపోతుంది. పని చూసి డబ్బు ఇవ్వాలనుకునేవారు ముందు చూడాల్సింది గది మధ్య కాదు, ఈ అంచులే.

అరగదీత ఎంత బరువైన వ్యవహారమో ఒక చిన్న లెక్క చూపిస్తుంది. వెయ్యి చదరపు అడుగులంటే దాదాపు 93 చదరపు మీటర్లు. దాని మీద ఒక్క మిల్లీమీటరు మార్బుల్ తీసేస్తే వచ్చే పొడి సుమారు 250 కిలోలు, అంటే ఐదు సిమెంటు బస్తాల బరువు. మామూలు పాలిష్‌లో అంత తీయరు, తీయకూడదు. అందులో పదో వంతు తీసినా పాతిక కిలోల రాతిపొడి నీళ్లతో కలిసి తెల్లటి బురదగా ఇంట్లో తయారవుతుంది. అది ఎక్కడికి పోతోంది? ఎక్కువచోట్ల బాత్‌రూము జాలీలోకి. పైపు మలుపుల్లో పేరుకుని గట్టిపడి, వర్షాకాలంలో నీళ్లు వెనక్కి తన్నినప్పుడు గానీ ఎవరికీ గుర్తురాదు. అప్పటికి పాలిష్ చేసినవాళ్ల ఫోను నంబరు కూడా ఉండదు. పని తెలిసిన మేస్త్రీ జాలీలకు గుడ్డ కట్టి మూస్తాడు, బురదను వెట్ వాక్యూమ్‌తోనో చేటతోనో ఎత్తి బస్తాలకు నింపుతాడు. దీనికి రెండు మూడు గంటల పని ఎక్కువ అవుతుంది. చదరపు అడుగు ధర మీద గీచిగీచి బేరమాడినప్పుడు మొదట కోతపడేది ఈ గంటలకే.

రాయి విషయంలో తక్కువ చేయడమే గొప్ప నైపుణ్యం అనడానికి తాజ్‌మహల్ కంటే పెద్ద ఉదాహరణ అక్కర్లేదు. మక్రానా మార్బుల్‌తో కట్టిన ఆ గోడలు పసుపుబారినప్పుడు భారత పురావస్తు శాఖ 1994 నుంచి పలుమార్లు అనుసరించిన పద్ధతి ముల్తానీ మట్టి పట్టు. మట్టి ముద్ద పూసి, ఆరనిచ్చి, మురికిని అది పీల్చుకున్నాక కడిగేస్తారు. ఆసిడ్ వాడరు, మిషన్ పెట్టరు. మన నేల మీదా రాతి పని నేర్చిన చేతులు ఏం చేయగలవో రామప్ప గుడిలో చూడవచ్చు. 1213 నాటి ఆ ఆలయంలో నల్లరాతి మదనికలు ఎనిమిది వందల ఏళ్ల తర్వాత కూడా నున్నగా మెరుస్తున్నాయి. ఆ రాయి వేరు, ఆ పని వేరు, ఇంటి నేలతో వాటిని పోల్చలేం. అయినా రాతిని నున్నగా తీర్చడం ఈ ప్రాంతంలో ఒకప్పుడు ఎంత గౌరవం ఉన్న విద్యో అది చెబుతుంది. ఇవాళ అదే కోవకు చెందిన పని చేసేవాడిని ‘పాలిష్ వాడు’ అని పిలిచి, వెనక మెట్ల గుండా రమ్మంటున్నాం.

ఇక స్థానికత ఎందుకు ముఖ్యమో చూద్దాం. చాలా పనుల్లో మంచి చెడ్డలు ఆరోజే తెలుస్తాయి. ఫ్యాను బిగిస్తే తిరుగుతుందో లేదో అక్కడే తేలుతుంది. నేల పనికి తీర్పు ఆలస్యంగా వస్తుంది. పాలిష్ చేసిన సాయంత్రం ఏ నేలైనా మెరుస్తుంది. ఆ మెరుపు రాయిదా, పైన పూసిన మైనానిదా అన్నది నెల రోజులు తడిగుడ్డ పెట్టాక బయటపడుతుంది. స్టీల్ ఊలుతో రుద్దినచోట సన్నని తీగలు సందుల్లో మిగిలితే వానాకాలం తేమకు తుప్పు చుక్కలు లేస్తాయి. గ్రౌటింగ్ రాలడం ఇంకా ఆలస్యంగా తెలుస్తుంది. ఇంటి పనులకు మనుషుల్ని పంపే యాప్‌లో మనం రేటింగు చుక్కలు ఇచ్చేది మాత్రం పని అయిన గంటలోపే. ఆ రేటింగు పనివాడి మర్యాదను కొలుస్తుంది, సమయానికి వచ్చాడా లేదా అన్నది కొలుస్తుంది. ఆరు నెలల తర్వాత నేల ఎలా ఉందో కొలవదు. అదే పేటలో పదేళ్లుగా పనిచేస్తున్న మేస్త్రీ విషయంలో ఆ కొలత దానంతట అదే జరుగుతుంది. పక్క వీధిలో పోయినేడు ఆయన చేసిన హాలు వెళ్లి చూడవచ్చు. ఆయనకూ అది తెలుసు. నీళ్ల సంగతీ ఉంది. బోరు నీళ్లు గట్టిగా ఉండే పేటల్లో సబ్బు ద్రవంతో తుడిచిన కొద్దీ నేల మీద తెల్లటి పొర పేరుకుంటుంది, కడప నల్లబండ మీద అది మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఆ పొరను చూసి పాలిష్ పోయిందనుకుంటారు. ఆ పేట నీళ్లు తెలిసినవాడు ముందు సబ్బు మార్చమంటాడు, సరైన మందుతో ఆ పొర తీయడంతోనే పని ముగిస్తాడు, మిషన్ బయటకే తీయడు.

యాప్‌ల వైపు నుంచి వచ్చే వాదనను తేలిగ్గా తీసేయలేం. ధర ముందే తెలుస్తుంది, వచ్చేవారి ఫొటో, పేరు ఉంటాయి, ఏదైనా జరిగితే ఫిర్యాదుకు ఒక చోటు ఉంటుంది. ఒంటరిగా ఉండే పెద్దవాళ్లకు, ఊరికి కొత్తగా వచ్చినవాళ్లకు ఈ భరోసా చిన్నది కాదు. అక్కడ పనిచేసేవాళ్లూ చాలావరకు ఆ ఊరివాళ్లే, వాళ్లలోనూ నేర్పరులు ఉన్నారు. నీతి ఆయోగ్ 2022 నివేదిక ప్రకారం దేశంలో గిగ్ కార్మికులు, అంటే ఏ పనికాపని కూలి తీసుకునేవాళ్లు, 2020-21 నాటికే 77 లక్షలు, 2029-30 నాటికి ఆ సంఖ్య 2.35 కోట్లకు చేరుతుందని అంచనా. ఈ దారి మూసుకుపోయేది కాదు, మూయమని అనడమూ లేదు. సోఫా దులపడానికి, బాత్‌రూము కడగడానికి, కిటికీలు తుడవడానికి ఆ ఏర్పాటు సరిపోతుంది. రాయిని అరగదీసే పనికి సరిపోదు. అక్కడ వచ్చే మనిషి ప్రతిసారీ మారతాడు, గంటల లెక్క ముందే కట్టి ఉంటుంది, ‘ఈ నేలకు పాలిష్ అక్కర్లేదు’ అని చెప్పి వెళ్లిపోతే ఆ రోజు కూలి పోతుంది. అక్కర్లేదని చెప్పగలిగే స్వేచ్ఛ లేనిచోట నిజాయితీ గల సలహా ఆశించడం అన్యాయం.

స్థానికులంటే ఎవరు అన్న ప్రశ్నకూ సూటిగా జవాబు చెప్పాలి. మార్బుల్ పని చేసేవాళ్లలో రాజస్థాన్ నుంచి, బిహార్ నుంచి వచ్చినవాళ్లు మన నగరాల్లో చాలామంది ఉన్నారు. కొందరు ఇక్కడే ఇల్లు కట్టుకుని, పిల్లల్ని ఇక్కడి బడుల్లో చదివించుకుంటున్నారు. వాళ్లూ స్థానికులే. పుట్టిన ఊరిని బట్టి పని ఇవ్వమనడం నా ఉద్దేశం కాదు, అలా అనడం ఆ రాళ్లను ఇక్కడికి తెచ్చి పరిచిన చేతుల్ని అవమానించడమే అవుతుంది. ఈ ఊళ్లో నిలకడగా ఉంటూ, తన పేరు మీద పని తెచ్చుకుంటూ, పిలిస్తే మళ్లీ రాగలిగిన ప్రతి మనిషీ స్థానికుడే. ఇక్కడే పుట్టినా, ఒక సీజనులో మిషన్ అద్దెకు తెచ్చి నాలుగు ఇళ్లు చేసి నంబరు మార్చేసేవాడు ఈ లెక్కలోకి రాడు.

ఇంకొక అభ్యంతరం ధర. మంచి మేస్త్రీ ఎక్కువ అడుగుతాడు, అడ్వాన్సు తీసుకుని చెప్పిన రోజు రాడు, ఒకేసారి మూడు ఇళ్లు ఒప్పుకుంటాడు. ఇందులో నిజముంది. ఈ రంగంలో మాట మీద నిలబడని అలవాటు ఉంది, దానివల్ల మంచివాళ్ల పేరూ పాడవుతోంది. దానికి విరుగుడు ఒక కాగితం. ఏ గదిలో ఏ రాయి, ఏ నంబరు నుంచి ఏ నంబరు దాకా, అంచులు కలిపా కాదా, బురద ఎవరు ఎత్తాలి, కరెంటు, నీళ్లు ఎవరివి, ఎప్పటికి పూర్తి చేయాలి, డబ్బు ఎన్ని విడతల్లో ఇవ్వాలి అన్నవి సగం పేజీలో రాసుకుంటే గొడవలు చాలావరకు రావు. పని మొదలుపెట్టే ముందు బీరువా వెనకో మంచం కిందో రెండు అడుగుల మేర నమూనా చేయించి, ఆరిన తర్వాత పగటి వెలుతురులో చూడాలి. నమూనాకు ఒప్పుకోని వాణ్ని అక్కడితో వదిలేయాలి. చివరి విడతలో కొంత మొత్తం నెల తర్వాత ఇచ్చేలా ముందే మాట్లాడుకోవచ్చు, కానీ ఆ మాట నిలబెట్టుకోవాల్సిన బాధ్యత అప్పుడు ఇంటివాళ్లది. పని అంతా నచ్చినా చివర్లో ఏదో ఒక వంక పెట్టి వెయ్యి రూపాయలు కోసుకోవడం మన ఇళ్లలో అలవాటుగా మారింది. మేస్త్రీలు మాట తప్పడానికి ఆ అలవాటు కూడా ఒక కారణం. ఇక మొత్తం ఖర్చు సంగతి: తెలియనివాడు అనవసరంగా అరగదీసిన నేలకు త్వరలోనే మళ్లీ పాలిష్ కావాలి, తెలిసినవాడు చేసినది అంతకంటే చాలాకాలం నిలుస్తుంది. పైగా బండ మందం తరిగేదే గానీ పెరిగేది కాదు.

ఇవన్నీ ఎందుకు, ఇంట్లోవాళ్లమే చేసుకోలేమా అనేవారూ ఉన్నారు. రోజువారీ శుభ్రత వరకు తప్పకుండా చేసుకోవచ్చు. నిజానికి నేల ఆయుష్షు పాలిష్ మీద కంటే దాని మీదే ఎక్కువ ఆధారపడి ఉంటుంది. చెప్పుల వెంట వచ్చే ఇసుకలో ప్రధానంగా ఉండేది క్వార్ట్జ్. గట్టిదనం కొలిచే మోహ్స్ స్కేలుపై క్వార్ట్జ్ 7, మార్బుల్ 3. అడుగు వేసినప్పుడల్లా ఆ ఇసుక నేలను గీకుతుంది. గుమ్మం బయట ఒక మంచి పట్టా, పొడి చీపురుతో ముందు ఊడ్చి ఆ తర్వాతే తడిగుడ్డ, ఆమ్లమూ క్షారమూ కాని తేలికపాటి ద్రవం, పులుసు ఒలికితే వెంటనే తుడవడం, ఇవి పాటించే ఇంటికి మేస్త్రీ అవసరం అరుదుగా వస్తుంది. విట్రిఫైడ్ టైల్స్‌కైతే అరగదీత పాలిష్ అసలే వద్దు. పైన ముద్రించిన పొర ఉన్న టైల్‌కు డైమండ్ ప్యాడ్ తగిలిస్తే ఆ డిజైనే లేచిపోతుంది. వాటికి కావాల్సింది సందులు శుభ్రం చేసి మళ్లీ గ్రౌటింగ్ నింపడం. బాత్‌రూములో, మెట్ల మీద అద్దంలా మెరుపు కోరుకోవడం కూడా మంచిది కాదు. తడి తగిలితే కాలు జారుతుంది, ఇంట్లో పెద్దవాళ్లుంటే ఆ ఒక్క జారుడుకే తుంటి ఎముక విరగవచ్చు. అక్కడ మెరుపు తగ్గించి పట్టు ఉంచుతామని చెప్పే మేస్త్రీ మాట వినాలి.

పని చేసే మనిషి ఒంటి సంగతి వదిలేసి ఈ వాదన పూర్తి కాదు. గ్రానైట్‌లో కనీసం ఐదో వంతు క్వార్ట్జ్, అంటే సిలికా, ఉంటుంది. దాన్ని నీళ్లు పోయకుండా కోసినా అరగదీసినా గాలిలో లేచే సన్నని సిలికా ధూళి ఊపిరితిత్తుల్లో చేరి అక్కడే ఉండిపోతుంది. దానివల్ల వచ్చే సిలికోసిస్‌కు మందు లేదు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం దీన్ని తప్పనిసరిగా తెలియజేయాల్సిన జబ్బుల జాబితాలో చేర్చింది. ఆ చట్టం మాత్రం ఇళ్లలో తిరిగి పనిచేసే ఇద్దరు ముగ్గురు కార్మికుల బృందాన్ని ఏనాడూ తాకలేదు. సిలికా మరీ ఎక్కువగా ఉండే కృత్రిమ క్వార్ట్జ్ పలకల్ని ఆస్ట్రేలియా 2024 జూలై 1 నుంచి నిషేధించింది. మన దగ్గర అవే పలకల్ని వంటింటి గట్టు కోసం ఫ్లాటులోనే పొడిగా కోస్తున్నారు, కోసేవాడి ముక్కుకు ఒక చేతిరుమాలు తప్ప మరేమీ ఉండదు. తడి పని చేస్తే ధూళి తగ్గుతుంది, కానీ అప్పుడు తడి నేల మీద కరెంటు మిషన్ నడుస్తుంది. అతుకులు వేసిన వైరు ఆ నీళ్లలో పడి ఉంటుంది. ఇంట్లో 30 మిల్లీ ఆంపియర్ల కరెంటు లీకైతే సరఫరా ఆపేసే ఆర్‌సీసీబీ స్విచ్చు ఉందో లేదో చూసుకోవడం, ఎర్తింగ్ ఉన్న ప్లగ్గు ఇవ్వడం ఇంటివాళ్ల పని. చౌకగా వచ్చే బృందాలు ఆ చౌకదనాన్ని ఎక్కడి నుంచి తెస్తున్నాయో ఆలోచిస్తే ఎక్కువసార్లు ఈ రక్షణల నుంచే తెస్తున్నాయని తెలుస్తుంది. మాస్కు, బూట్లు, చేతి తొడుగులు, సరైన వైరు ఉన్న మేస్త్రీ పది రూపాయలు ఎక్కువ అడిగితే అది ఇవ్వాల్సిన డబ్బే.

ప్రభుత్వాలు కొత్తగా ఏదో కనిపెట్టాల్సిన పని కూడా లేదు, ఉన్నవాటిని ఈ రంగం దాకా తేవాలి. 1996లో వచ్చిన భవన నిర్మాణ కార్మికుల చట్టం మరమ్మతు, నిర్వహణ పనుల్ని కూడా నిర్మాణం కిందే లెక్కించింది. 18 నుంచి 60 ఏళ్ల లోపు ఉండి, ఏడాదిలో 90 రోజులు ఈ పని చేసినవారు సంక్షేమ బోర్డులో పేరు నమోదు చేసుకోవచ్చు. కొత్త అపార్ట్‌మెంట్లలో పాలిష్ చేసే కార్మికుడు ఆ బోర్డు పరిధిలోకి వస్తాడు, నిర్మాణాల మీద వసూలు చేసే సెస్సులో అతనికీ వాటా ఉంది. 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో తాపీమేస్త్రీ ఉన్నాడు, నేల పాలిష్ చేసేవాడికి విడిగా చోటు లేదు. పనిముట్లకు 15,000 రూపాయలు, 5 శాతం వడ్డీకి మొదట లక్ష, ఆ తర్వాత రెండు లక్షల అప్పు అన్న ఆ పథకం సదుపాయాలు సొంత మిషన్, బురద పీల్చే వాక్యూమ్ కొనుక్కోవడానికి సరిగ్గా సరిపోతాయి. ఈ వృత్తిని ఆ జాబితాలో చేర్చాలి. హైదరాబాద్‌లోని నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్ లాంటి సంస్థలు ఏళ్లుగా పని చేస్తున్నవాళ్లను పరీక్షించి, రాళ్ల గుర్తింపు, మందులు, ధూళి రక్షణ మీద కొద్దిరోజుల శిక్షణతో ధ్రువపత్రం ఇస్తే, ఇంటివాళ్లకు అడగడానికి ఒక ఆధారం దొరుకుతుంది, మేస్త్రీకి ధర నిలబెట్టుకోవడానికి ఒక బలం దొరుకుతుంది.

అంతవరకూ ఆగకుండా చేయగలిగింది అపార్ట్‌మెంట్ సంఘాల చేతిలో ఉంది. లిఫ్టుకూ జనరేటరుకూ ఏడాది ఒప్పందం రాసుకుంటున్న సంఘాలు, మెట్లు, కారిడార్లు, లాబీ నేలల విషయంలో మాత్రం పండగకోసారి ఎవరో ఒకరిని పిలుస్తున్నాయి. దగ్గర్లోని ఇద్దరు మేస్త్రీలతో ఏడాది మొత్తానికి రాసుకుంటే వాళ్లకు పండగ సీజను ఒత్తిడి తగ్గుతుంది, ఖాళీ నెలల్లోనూ ఆదాయం ఉంటుంది, కాబట్టి తొందర పడి నంబర్లు ఎగరగొట్టాల్సిన అవసరం రాదు. ఏ బ్లాకులో ఏ రాయి వేశారో బిల్డరు దగ్గర నుంచి ఇప్పుడే రాయించుకుని ఉంచాలి, మిగిలిన బండల్ని పారేయకుండా సెల్లార్‌లో నాలుగైదు దాచాలి. ఒప్పందంలో ఆసిడ్ వాడకూడదన్న మాట స్పష్టంగా ఉండాలి. బురద బస్తాలు ఎవరు మోయాలో, ఎక్కడికి చేర్చాలో, దానికి విడిగా ఎంత ఇవ్వాలో కూడా అందులోనే రాయాలి.